టైమర్లు పెట్టినా రీల్స్ ఎందుకు ఆగవు? హాస్టల్ సెషన్ కోసం సలహా కావాలి

హాస్టల్_కౌన్సెలర్ (ప్రశ్న)

డిగ్రీ అమ్మాయిల హాస్టల్లో సోషల్ మీడియా వ్యసనం మీద గంటన్నర సెషన్ ఉంది. 18–20 ఏళ్ల వాళ్లు, అరవై మంది దాకా వస్తారు. "డోపమైన్ (మెదడులోని ఒక రసాయనం) వల్ల ఆపలేకపోతున్నారు" అన్న పాఠం వాళ్లకి కొత్త కాదు. అది కూడా రీల్స్‌లోనే చూసేశారు. అక్కడితో ఆగిపోతే సెషన్ దండగ.

ఇలాంటి హాస్టళ్లలో సాధారణంగా కనిపించేవి మూడు. ఒకటి, యాప్ టైమర్ పెట్టుకుంటారు, వారం తిరక్కుండానే దాన్ని దాటేయడం అలవాటైపోతుంది. రెండు, నోటిఫికేషన్లు పూర్తిగా ఆపేసిన వాళ్లలో కొందరు ఫోన్ చూడటం తగ్గకపోగా పెరుగుతుంది. మూడు, పరీక్షలకని యాప్ తీసేస్తారు, పరీక్షలయ్యాక మళ్లీ వేసుకుంటారు, వాడకం మొదటికొస్తుంది. "చూస్తుంటే బాగుందా?" అంటే "ఏముంది మేడమ్, అన్నీ సోదే" అనే జవాబు. నచ్చనిదాన్ని వదల్లేకపోవడం ఏమిటో వాళ్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? ఏ చిట్కా ఎందుకు విఫలమవుతుందో తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "మనసుంటే మార్గముంటుంది" తరహా జవాబులు వద్దండి.

---

ప్రవర్తన_లెక్చరర్

మేడమ్, మీ విద్యార్థినులు చెప్పిన "అన్నీ సోదే" దగ్గరే మొదలుపెట్టండి. అసలు విషయం అందులోనే ఉంది.

డోపమైన్ అంటే ఆనందం అనుకోవడం పాత లెక్క. 1990లలో మెదడు శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, అనుకోకుండా జ్యూస్ చుక్క దొరికినప్పుడు డోపమైన్ కణాలు బలంగా స్పందించాయి. దీపం వెలిగితే జ్యూస్ వస్తుందని కోతి నేర్చుకున్నాక ఆ స్పందన జ్యూస్ దగ్గర ఆగిపోయి దీపం దగ్గరికి జరిగింది. దీపం వెలిగీ జ్యూస్ రాకపోతే మామూలు స్థాయి కంటే కిందికి పడింది. అంటే ఆ సంకేతం "బాగుంది" అని చెప్పడం లేదు, "అనుకున్నదానికీ వచ్చినదానికీ ఇంత తేడా" అని చెబుతోంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ చేసిన పని కూడా ఇటే చూపిస్తుంది: మెదడులో కోరుకునే యంత్రాంగం వేరు, ఆస్వాదించే యంత్రాంగం వేరు. ఒకటి పెరుగుతుంటే రెండోది అక్కడే ఉండొచ్చు, తగ్గనూ వచ్చు. కాబట్టి నచ్చకపోయినా చెయ్యి ఫోన్ మీదికి పోవడంలో వింత లేదు, ఆ అమ్మాయి అబద్ధమాడడమూ లేదు.

రెండో విషయం, ప్రతిఫలం ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం. మనస్తత్వవేత్తలు ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో ప్రచురించిన పావురాల ప్రయోగాలు దీనికి పునాది. ప్రతి పదో పొడుపుకీ గింజ ఇస్తే, గింజలు ఆగిపోయాక పావురం త్వరగానే మానేస్తుంది. సగటు పదే అయినా ఒకసారి మూడుకీ, ఒకసారి పంతొమ్మిదికీ ఇస్తే, గింజలు ఆగిపోయినా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. పది రీల్స్‌లో ఎనిమిది సోదిగా ఉండటం ఫీడ్ లోపం కాదు. ఆ ఎనిమిదీ ఉండబట్టే మిగతా రెండిటికీ పట్టు.

కానీ హాస్టల్ పిల్లల విషయంలో ఈ రెండిటికంటే బరువైనది మూడోది: ఉపశమనం. రికార్డు రాయాలి, మొదలుపెట్టబుద్ధి కాదు. ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, మనసు బాగోలేదు. రూమ్మేట్‌తో మాటల్లేవు. ఆ క్షణాన ఫోన్ తెరిస్తే ఆ ఇబ్బంది ఒక్క నిమిషంలో పక్కకి జరుగుతుంది. ఏదో దొరికినందుకు కాక, బాధించేది తప్పుకున్నందుకు బలపడే అలవాటు ఇది. ఉపశమనం అప్పటికప్పుడు, మూల్యం రేపు పొద్దున. మనిషి మెదడు ఈ బేరాన్ని ఎక్కువగా ఒకేవైపు తేల్చేస్తుంది.

ఇప్పుడు టైమర్ సంగతి చూడండి. గొలుసు ఇలా ఉంటుంది: ఇబ్బంది లేదా ఖాళీ, చెయ్యి ఫోన్ మీదికి, యాప్ తెరవడం, జారుకుంటూ పోవడం, ఉపశమనం. టైమర్ వచ్చి అడ్డుపడేది నాలుగో లంకె దగ్గర, అంటే నిగ్రహం బాగా తగ్గిపోయిన చోట. పనిచేసే అడ్డంకులు మొదటి మూడు లంకెల దగ్గరే ఉంటాయి.

అందుకే సెషన్‌కి వారం ముందే ఒక కాగితం ఇవ్వండి. మూడు రోజులు రాయాలి, నాలుగు గడులు: టైము, ఎక్కడ, తెరవడానికి ముందు నిమిషంలో ఏం చేస్తున్నారు, అప్పుడెలా ఉంది (విసుగు, భయం, ఒంటరితనం, నిద్ర, ఊరికే, ఒక్క మాట చాలు). ఎన్ని నిమిషాలు చూశారన్నది రాయించొద్దు. నిమిషాల గడి పెడితే సిగ్గుపడి తగ్గించి రాస్తారు, లేదా రాయడమే మానేస్తారు.

---

ఫీడ్_ఇంజనీర్

పైన చెప్పిన దానికి తెర వెనక వైపు నుంచి కొంత చేరుస్తాను.

పేపర్ చివరి పేజీ వస్తుంది, సీరియల్ అరగంటకి ముగుస్తుంది. అవే "ఇక లే" అని గుర్తుచేసే ఆనవాళ్లు. అంతులేని స్క్రోల్ ఆ ఆనవాళ్లను తీసేసింది. 2006లో దాన్ని రూపొందించిన ఏజా రాస్కిన్ ఆ తర్వాత దాని గురించి బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డాడు. ఫేస్‌బుక్ లైక్ బటన్ 2009లో వచ్చింది. దానితో చూసేవాళ్లకే కాదు, పోస్ట్ చేసినవాళ్లకి కూడా ఎప్పుడొస్తుందో తెలియని ప్రతిఫలం మొదలైంది. ఆ సంస్థ తొలి అధ్యక్షుడు షాన్ పార్కర్ 2017లో, మనిషి మనసులోని బలహీనతను వాడుకునేలానే దీన్ని కట్టామని బహిరంగంగా చెప్పాడు.

పొట్టి వీడియోల్లో ఇంకో తేడా ఉంది. మీరు లైక్ కొట్టక్కర్లేదు, రాయక్కర్లేదు. ఎక్కడ ఆగారు, ఎక్కడ జారేశారు, ఏది రెండోసారి తిరిగింది అన్నదే సమాచారం. పావుగంటలో యాభై, అరవై సంకేతాలు ఇచ్చేస్తారు. వ్యవస్థకి మీ ఇష్టం తెలియదు, మీరు ఆగడం మాత్రమే తెలుసు. కోపంతో ఆగినా, ఏడుస్తూ ఆగినా దానికి ఒకటే లెక్క. బ్రేకప్ వీడియో దగ్గర రెండు రాత్రులు ఆగిన అమ్మాయికి మూడో రాత్రి అవే ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

ఇక సెట్టింగుల్లో ఎక్కడ తప్పుతుందో చెబుతాను. ఆండ్రాయిడ్ డిజిటల్ వెల్‌బీయింగ్ టైమర్ అర్ధరాత్రి 12కి మళ్లీ సున్నా అవుతుంది. హాస్టల్లో ఎక్కువ వాడేదే 11 నుంచి 1 మధ్య. పావు తక్కువ పన్నెండుకి టైమర్ అయిపోతుంది, పావుగంట ఆగితే మళ్లీ పూర్తి కోటా చేతిలో ఉంటుంది. అందుకని రాత్రికి టైమర్ పనికిరాదు. దాని బదులు ఫోకస్ మోడ్‌ని 10:30 నుంచి ఉదయం 6 వరకు షెడ్యూల్ చేయించండి. ఫోకస్ మోడ్‌లో ఏ యాప్‌లు ఆగాలో విడిగా ఎంచుకోవాలి. ఆ జాబితా ఖాళీగా వదిలేసి "పనిచెయ్యట్లేదు" అనేవాళ్లు బోలెడుమంది. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ తన దగ్గరే ఉంటే ప్రయోజనం లేదు, స్నేహితురాలితో పెట్టించాలి. యాప్‌ని ఆపేసి బ్రౌజర్‌ని వదిలేయడం ఇంకో కన్నం. క్రోమ్‌లో అదే సైట్ హాయిగా తెరుచుకుంటుంది.

యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది చెరిపేస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీ అయిపోతుంది. 2023 ఆగస్టు నుంచి అలా ఉంది. వెతికి చూడొచ్చు, సబ్‌స్క్రిప్షన్లు చూడొచ్చు, ఎర మాత్రం ఉండదు. పాఠాల కోసం యూట్యూబ్ తప్పనిసరైన వాళ్లకి ఇంతకంటే మంచి సెట్టింగ్ లేదు. ఇన్‌స్టాలో కంటెంట్ ప్రిఫరెన్సెస్ లోపల సూచనలన్నిటినీ రీసెట్ చేసే వీలుంది. చేసిన మొదటి రెండు రోజులూ ఫీడ్ చప్పగా ఉంటుంది, దాన్ని వాడుకోవాలి. మళ్లీ ఆగి ఆగి చూస్తే మళ్లీ నేర్చుకుంటుంది.

యాప్ తీసేయడం గురించి: మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. జూలైలోనే ఇన్‌స్టా రీల్స్ ఇక్కడ మొదలైంది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ని మొదట ప్రయోగించిందీ ఇక్కడే. యాప్ పోయింది, సందర్భాలు పోలేదు. ఆ ఖాళీలో ఇంకో యాప్ కూర్చుంది.

---

క్లినికల్_సైక్

"వ్యసనం" అన్న మాట సెషన్‌లో జాగ్రత్తగా వాడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో, అంటే 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11లో, గేమింగ్ డిజార్డర్ ఉంది, సోషల్ మీడియా వ్యసనం లేదు. "నేను అడిక్ట్‌ని" అని తనకు తాను ముద్ర వేసుకున్న విద్యార్థిని "ఇక నా చేతుల్లో లేదు" అనుకునే ప్రమాదం ఉంది.

కొలవాలంటే బెర్గెన్ స్కేల్ ఉంది. ఆరే ప్రశ్నలు, గత ఏడాది గురించి: ఎప్పుడూ దాని గురించే ఆలోచించడం, ఇంకా ఇంకా కావాలనిపించడం, బాధలు మరిచిపోవడానికి వాడటం, తగ్గించబోయి విఫలమవడం, వాడనివ్వకపోతే అశాంతి, చదువు మీదో పని మీదో దెబ్బ. ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 6 నుంచి 30. 2017లో వచ్చిన హంగేరీ కౌమారుల అధ్యయనం 19ని హద్దుగా సూచించింది. మరికొందరు ఆరింటిలో నాలుగింటికైనా 4 ఆపైన రావాలంటారు. మన పిల్లల మీద ఆ హద్దుల్ని గుడ్డిగా వాడొద్దు, వచ్చిన అంకెని గోడ మీద అసలే పెట్టొద్దు. ఆరింటిలో రోజుకి ఎన్ని గంటలన్న ప్రశ్న లేదు, గమనించారా? రోజుకి నాలుగు గంటలు వాడినా చదువు, నిద్ర, మనుషులు బాగుంటే అది వేరే సంగతి. గంటన్నరే వాడుతూ ఆ గంటన్నరా రాత్రి 1 తర్వాతైతే అది పట్టించుకోవాల్సిన విషయం.

బాధలు మరిచిపోవడానికి వాడటం, తగ్గించబోయి విఫలమవడం, ఈ రెండిటికీ 4 లేదా 5 వేసినవాళ్లతో విడిగా మాట్లాడండి. ఫోన్ వెనక కుంగుబాటో, సామాజిక భయమో, ఇదివరకు ఎవరూ గుర్తించని ఏడీహెచ్‌డీయో (ఏకాగ్రత నిలవని సమస్య) ఉండొచ్చు. అలాంటప్పుడు ఫోన్ లాక్కుంటే వాళ్లకున్న ఒకే ఒక్క ఆసరా తీసేసినట్టే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. తీవ్రంగా ఉంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ ఉంది, టెక్నాలజీ అతివాడకానికే ప్రత్యేకం.

ఇంకొకటి ముందే చెప్పి పెట్టండి. తగ్గించిన మొదటి రోజుల్లో చూడాలన్న తపన తగ్గకపోగా పెరగొచ్చు. చిరాకు కూడా ఉండొచ్చు. ప్రతిఫలం ఆగిపోయినప్పుడు కొందరిలో ప్రవర్తన ఒక్కసారి ఉబికి ఆ తర్వాతే తగ్గుతుంది, ఇది మామూలే. ముందే తెలియకపోతే రెండో రోజే "నా వల్ల కాదు" అని వదిలేస్తారు.

---

సోషల్_సైక్_పరిశోధకురాలు

పై జవాబుల్లో మెదడు, యాప్ రెండూ వచ్చాయి గానీ పక్క మంచం మీది అమ్మాయి రాలేదు. ప్రవర్తన_లెక్చరర్ గారితో నాకు ఇక్కడే తేడా. ఈ వయసులో విసుగు కంటే "నేను లేకుండా ఏదో జరిగిపోతోంది" అన్న భయమే ఎక్కువ లాగుతుందని నా అభిప్రాయం. షిబిల్‌స్కీ బృందం 2013లో దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేసింది. తనకి ఆత్మీయులున్నారన్న తృప్తి, తన నిర్ణయం తనదన్న తృప్తి తక్కువగా ఉన్నవాళ్లలో ఈ భయం ఎక్కువని అందులో తేలింది. హాస్టల్లో క్లాస్ వాట్సాప్ గ్రూపులోనే అసైన్‌మెంట్ తేదీ వస్తుంది, దాని కిందే పార్టీ పిలుపూ వస్తుంది. ఆ అమ్మాయి ఏది వదిలేస్తుంది చెప్పండి? ఎవరి స్టోరీ ఎవరు చూశారో పేర్లతో సహా కనిపించే చోట చూడకపోవడం కూడా ఒక మాటే అవుతుంది.

మీ రెండో గమనిక ఇక్కడ సరిపోతుంది. నోటిఫికేషన్లు పూర్తిగా ఆపితే సమాచారం ఆగుతుంది, ఆదుర్దా ఆగదు. ఫోన్ మోగినప్పుడు చూడటం పోయి, మోగదు కాబట్టి మాటిమాటికీ చూడటం వస్తుంది. పెన్ స్టేట్ పరిశోధకులు 2022లో ఇదే చూశారు: సైలెంట్‌లో పెట్టినప్పుడు, ఈ భయం ఎక్కువున్నవాళ్లు ఫోన్ ఇంకా ఎక్కువసార్లు తీశారు. 2019లో వచ్చిన ఒక ప్రయోగంలో నోటిఫికేషన్లని రోజుకి మూడు విడతలుగా కట్టగట్టి ఇచ్చినవాళ్లకి ఒత్తిడి తగ్గింది, పూర్తిగా ఆపినవాళ్లకి ఆందోళన పెరిగింది. కాబట్టి పూర్తిగా ఆపించకండి, విడతలు పెట్టించండి. ఐఫోన్‌లో షెడ్యూల్డ్ సమ్మరీ ఉంది: మధ్యాహ్నం 1, సాయంత్రం 5:30, రాత్రి 9 చాలు. ఆండ్రాయిడ్‌లో అన్ని ఫోన్లకీ ఒకే మార్గం లేదు. ఇంటివాళ్లనీ క్లాస్ గ్రూపునీ మోగనిచ్చి, మిగతా గ్రూపుల్ని మ్యూట్ చేసి, అవే మూడు వేళలకి అలారం పెట్టుకోవాలి.

ఎంత తగ్గించాలన్నదానికి ఒక ఆధారం ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం (2018): ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోదానికి రోజుకి పది నిమిషాల చొప్పున, మూడు వారాలు. ఒంటరితనం, కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. వాళ్లు సున్నాకి తేలేదు, అరగంటకి తెచ్చారు. అంతకంటే విశేషం ఏమిటంటే, ఏ పరిమితీ లేకుండా వాడకాన్ని గమనించుకున్న రెండో గుంపులో కూడా ఆందోళన, వెనకబడిపోతున్నామన్న భయం తగ్గాయి. లెక్చరర్ గారి నాలుగు గడుల కాగితం అందుకే నాకూ నచ్చింది.

రాత్రి ఫోన్లు వార్డెన్ దగ్గర జమ చేయించే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోమనండి. తన నిర్ణయం తనదన్న తృప్తి ఇంకా తగ్గుతుంది, పైగా పాత ఫోన్ ఒకటి జమ చేసి అసలుది దిండు కింద ఉంటుంది.

---

హాస్టల్_కౌన్సెలర్

అందరికీ ధన్యవాదాలండీ. బ్రౌజర్ సంగతి, అర్ధరాత్రి రీసెట్ సంగతి అసలు తట్టలేదు. ఇవన్నీ గంటన్నరలో ఎలా పట్టించాలి? ఉపన్యాసం ఇస్తే వెనక వరస పదో నిమిషానికే ఫోన్లోకి వెళ్లిపోతుంది. ఇంకా, "అలవాటు మారడానికి 21 రోజులు" అని చెప్పొచ్చా?

---

ప్రవర్తన_లెక్చరర్

21 రోజులకి ఆధారం లేదు, చెప్పొద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం (ప్రచురణ 2010) కొత్త అలవాటు దానంతటదే జరిగే దశకి రావడానికి సగటు వ్యక్తికి 66 రోజులని తేల్చింది. కానీ అది 18 నుంచి 254 దాకా సాగింది. మధ్యలో ఒక రోజు తప్పినా ఫలితం చెడలేదు. మీ పిల్లలకి ఈ చివరి వాక్యం ముఖ్యం. ఒక రాత్రి జారితే మొత్తం పోయిందనుకునేవాళ్లే ఎక్కువ.

సమయం విషయానికొస్తే, మొదటి పావుగంట ఉపన్యాసం లేకుండా చాక్లెట్ల ఆట ఆడించండి. రెండు గుంపులు, రెండు గుడ్డ సంచులు, లోపల ఏముందో కనిపించకూడదు. మీరే చెయ్యి పెట్టి తీసి ఇవ్వాలి. మొదటి గుంపుకి సరిగ్గా ప్రతి మూడోసారీ చాక్లెట్. రెండో గుంపుకి మొత్తం అన్నే, కానీ వరస లేకుండా: రెండోది, మూడోది, తొమ్మిదోది, అలా. ఇరవై నాలుగు సార్లు అయ్యాక చెప్పకుండా రెండు సంచుల్లోనూ ఆపేయండి. "చాలు అనిపించినప్పుడు ఆపేయొచ్చు" అని ముందే చెప్పి ఉంచాలి. ఏ గుంపు ఎన్నిసార్లు అడిగి ఆపిందో బోర్డు మీద వేయండి. రెండో గుంపు ఎక్కువసేపు అడుగుతుంది. చెడేది ఎక్కడంటే, రెండు గుంపులూ ఒకే గదిలో ఒకళ్లనొకళ్లు చూస్తే. ఒక గుంపు ఆపగానే రెండోది కూడా ఆపేస్తుంది. వేరే గదులు కావాలి, లేదా ఒకరి తర్వాత ఒకరు.

తర్వాత పాతిక నిమిషాలు వాళ్ల కాగితాలు. నలుగురేసి కూర్చుని, ఎవరి కాగితంలో వాళ్లు ఎక్కువసార్లు వచ్చిన ఒక్క వరసని గుర్తుపెట్టాలి. "రాత్రి 11, మంచం మీద, లైటు ఆర్పాక, ఒంటరితనం", "సాయంత్రం 6, టేబుల్ దగ్గర, రికార్డు తెరవగానే, భయం", ఇలాంటివి వస్తాయి. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి ఛార్జర్‌ని తలుపు పక్క ప్లగ్‌కి మార్చి, పడుకునే ముందు పది నిమిషాలు ఎవరితోనైనా మాట్లాడే ఏర్పాటు కావాలి. రెండోదానికి ఫోన్‌తో పనే లేదు, రికార్డులో మొదట రాయాల్సిన మూడు లైన్లు ఏవో ముందు రోజే చీటీ మీద రాసిపెట్టుకుంటే మొదలుపెట్టే భయం తగ్గుతుంది.

అరగంట సెట్టింగులకి. ఫీడ్_ఇంజనీర్ చెప్పినవన్నీ వద్దు, ఒక్కొక్కరూ రెండే. నా లెక్కన రాత్రి ఫోకస్ మోడ్, యూట్యూబ్ హిస్టరీ. యాప్ తెరవగానే కొద్ది సెకన్లు ఆపి "తెరవాలా?" అని అడిగే సాధనాలు కూడా వాడొచ్చు. 2023లో ప్రచురితమైన ఒక పరిశీలనలో అలా అడిగినప్పుడు 36 శాతం సార్లు జనం వెనక్కి వెళ్లిపోయారు. అది జారడం మొదలవకముందే, మూడో లంకె దగ్గర పడే అడ్డంకి కాబట్టే పనిచేస్తుంది.

మిగిలింది ఇరవై నిమిషాలు. మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ చెప్పే "అప్పుడు–ఇది" వాక్యం ఒక్కటి రాయించండి. "ఫోన్ తగ్గిస్తాను" అని రాస్తే చెల్లదు. "రాత్రి భోజనం నుంచి గదికి రాగానే, ఫోన్‌ని తలుపు పక్క ప్లగ్‌లో పెడతాను" అని ఉండాలి: ఎప్పుడు, ఎక్కడ, ఏ చేతిపని. "చెయ్యను" అన్న క్రియతో ముగిసే వాక్యాలు తిరిగిచ్చేయండి, చెయ్యకపోవడాన్ని ఎవరూ సాధన చెయ్యలేరు. తపన వచ్చినప్పుడు దాంతో కొట్లాడకుండా, అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనిస్తూ పది నిమిషాలు గడియారం చూడమనండి. సాధారణంగా ఆలోపే దిగుతుంది. మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ వ్యసనాలు మానేవాళ్ల కోసం రూపొందించిన పద్ధతే ఇది.

కాగితాలు మాత్రం మీరు తీసుకోవద్దు మేడమ్, వాళ్ల దగ్గరే ఉంచండి. మీకు ఇవ్వాలని తెలిస్తే నాలుగో గడిలో అందరూ "ఊరికే" అనే రాస్తారు.